పొలాన్ని పొలంగా ఉంచే రైతుకు పన్ను రాయితీ ఎలా ఉండాలి?

ఈ సంచికలో కామర్సు, లా చదువుతున్న విద్యార్థుల కోసం ఒక పన్నుల పాఠం ఇస్తున్నాము. ఇతర కోర్సులు చదివే పిల్లలు, వారి తల్లిదండ్రులు కూడా తప్పక చదవవలసిందిగా కోరుతున్నాను. లెక్కలు తేలికైనవే. విషయం మాత్రం మన ఇంటి విషయం.

హోసూరు చుట్టుపక్కల కాస్త పొలం ఉన్న ప్రతి కుటుంబం ముందు ఇవాళ ఒకటే ప్రశ్న ఉంది. అమ్మాలా, ఉంచాలా? మూకండపల్లిలో దీనికి జవాబు మన పెద్దల కాలంలోనే వచ్చేసింది. 1970ల నుంచి సిప్‌కాట్ పారిశ్రామిక వాడ పెరిగింది. పొలాల ఊరు కాస్తా ఫ్యాక్టరీల ఊరైంది. మనలో ఎందరికో ఉద్యోగాలు దొరికింది దానివల్లే కనుక దాన్ని నిందించడం నా ఉద్దేశం కాదు. అయితే ఆ ప్రశ్న ఇప్పుడు బాగలూరు, బేరికె, శూలగిరి వైపు పొలాలకు వచ్చింది. రాగి, టమోటా, క్యాబేజీ, గులాబీ పండే నేల అది. 2019లో హోసూరు నగర పాలక సంస్థ అయింది. 2024 జూన్‌లో హోసూరుకు 2,000 ఎకరాల్లో విమానాశ్రయం కడతామని తమిళనాడు ముఖ్యమంత్రి శాసనసభలో ప్రకటించారు. ఇటువంటి ప్రకటనలు వచ్చిన చోట పొలం ధరకూ పంటకూ సంబంధం తెగిపోతుంది. లేఅవుటు వేస్తే సైటుకు ఎంత వస్తుందన్నదే ధర అవుతుంది.

అమ్ముకునే వారికి వారి కారణాలు ఉంటాయి. పెళ్లి, చదువు, వైద్యం, అప్పు, ఏదైనా కావచ్చు. వారి సంగతి పక్కన పెడదాం. ఉంచుకోవాలని మనసులో ఉండి, ఉంచుకోలేకపోతున్న రైతుకు ప్రభుత్వం పన్నుల ద్వారా ఏమైనా చేయూత ఇవ్వగలదా? ఇదే ఈ పాఠంలో మనం చూడబోయే విషయం.

1. ముందుగా మూడు మాటలు

పన్ను రాయితీ అన్న మాటను మనం అన్నిటికీ కలిపి వాడేస్తాము. పరీక్షలోనూ, జీవితంలోనూ ఈ మూడింటి తేడా తెలియాలి.

మినహాయింపు: ఆ రాబడి అసలు లెక్కలోకే రాదు. వ్యవసాయ ఆదాయం దీనికి మంచి ఉదాహరణ. మన రాజ్యాంగం వ్యవసాయ ఆదాయం మీద పన్ను వేసే అధికారాన్ని రాష్ట్రాల జాబితాలో పెట్టింది. కేంద్రం వేసే ఆదాయపు పన్నులో దానికి మినహాయింపు ఉంది.

తగ్గింపు: ఆదాయం లెక్కలోకి వస్తుంది గాని, అందులోంచి కొంత తీసివేసి మిగిలినదాని మీద పన్ను వేస్తారు. 30 శాతం శ్లాబులో ఉన్నవారికి రూ. 10 లక్షల తగ్గింపు వస్తే మిగిలేది రూ. 3 లక్షలు. 5 శాతం శ్లాబులో ఉన్నవారికి రూ. 1 లక్ష తగ్గింపు వస్తే మిగిలేది రూ. 5 వేలే. అంటే పెద్ద శ్లాబు వారికి పెద్ద లాభం.

టాక్స్ క్రెడిట్: కట్టవలసిన పన్నులోంచే నేరుగా తీసివేస్తారు. రూ. 3 లక్షల క్రెడిట్ ఉంటే ఏ శ్లాబులో ఉన్నా రూ. 3 లక్షల పన్ను తగ్గుతుంది. అయితే కట్టవలసిన పన్ను అంత ఉండాలి కదా! పన్నే లేనివారికి క్రెడిట్ ఇస్తే అది ఎందుకూ పనికిరాని కాగితం. అందుకే క్రెడిట్లలో మళ్లీ రకాలున్నాయి. పన్ను లేకపోయినా ప్రభుత్వం ఆ మొత్తాన్ని నగదుగా తిరిగి ఇచ్చేది ఒక రకం. ఇంకొకరికి అమ్ముకోవడానికి వీలున్నది మరో రకం. ఈ రెండూ కానిది మూడో రకం.

ఈ చివరి పేరాను గుర్తు పెట్టుకోండి. పాఠమంతా దీని చుట్టూనే తిరుగుతుంది.

2. మన చట్టం ఎవరి వైపు ఉంది?

భూమికి సంబంధించి మన పన్ను చట్టాల్లో ఉన్న రాయితీలను వరుసగా రాసి చూద్దాం. ఇక్కడ 1961 నాటి ఆదాయపు పన్ను చట్టం సెక్షన్ నంబర్లు ఇస్తున్నాను, ఎందుకంటే పుస్తకాల్లో మీరు చదివింది అదే. 2026 ఏప్రిల్ 1 నుంచి అమలయ్యేలా పార్లమెంటు 2025లో కొత్త చట్టం చేసింది. అందులో నంబర్లు వేరుగా ఉంటాయి.

(అ) గ్రామీణ వ్యవసాయ భూమి అసలు మూలధన ఆస్తే కాదు. కనుక అమ్మితే మూలధన లాభం మీద పన్ను లేదు. ఏది గ్రామీణం అన్నది 2013 ఫైనాన్స్ చట్టం తేల్చింది. మునిసిపాలిటీ జనాభా 10 వేలకు మించి లక్ష వరకు ఉంటే పొలిమేర నుంచి 2 కిలోమీటర్లు, లక్షకు మించి 10 లక్షల వరకు ఉంటే 6 కిలోమీటర్లు, 10 లక్షలు దాటితే 8 కిలోమీటర్లు, ఆ దూరానికి అవతల ఉండాలి. దూరం రోడ్డు వెంబడి గాక గాలిదారిలో కొలుస్తారు. హోసూరు జనాభా 2011 లెక్కల్లోనే లక్ష దాటింది, కనుక ఇక్కడ 6 కిలోమీటర్ల లెక్క.

(ఆ) ఆ హద్దు లోపలి పొలం అమ్మి, రెండేళ్లలోపు వేరే చోట పొలం కొంటే సెక్షన్ 54బి కింద ఊరట ఉంది. అమ్మకానికి ముందు రెండేళ్లు ఆ పొలంలో సేద్యం జరిగి ఉండాలి.

(ఇ) ఆ హద్దు లోపలి పొలాన్నే ప్రభుత్వం నిర్బంధంగా తీసుకుంటే వచ్చే పరిహారానికి సెక్షన్ 10(37) కింద మినహాయింపు ఉంది.

(ఈ) 2013 నాటి భూసేకరణ చట్టం కింద ఇచ్చే అవార్డుకు ఆ చట్టంలోని సెక్షన్ 96 ఆదాయపు పన్ను లేకుండా చేసింది.

(ఉ) ఆంధ్రప్రదేశ్ రాజధాని అమరావతి కోసం ల్యాండ్ పూలింగులో భూమి ఇచ్చినవారికి 2017లో సెక్షన్ 10(37ఎ) అని ప్రత్యేకంగా ఒక మినహాయింపు చేర్చారు.

ఇవన్నీ న్యాయమైనవే. భూమి పోగొట్టుకున్నవారి మీద పన్ను భారం కూడా వేయకూడదు. కాని జాబితాను ఇంకొక్కసారి చూడండి. ఐదు రాయితీలున్నాయి, ఐదూ భూమి చేయి దాటినప్పుడు వచ్చేవే. వేరే పొలం కొనాలని అడిగేది ఒక్క 54బి. దానికి కూడా ముందు ఉన్న పొలం అమ్మాలి. "నా పొలంలో సైట్లు వేయను, నా తరువాత వచ్చేవారు కూడా వేయకుండా రాసి ఇస్తాను" అన్న రైతుకు చట్టంలో ఒక్క వాక్యం లేదు. ఆ మాటను దానంగా చూపిద్దామన్నా కుదరదు. సెక్షన్ 80జి కింద డబ్బు రూపంలో ఇచ్చిన విరాళానికే తగ్గింపు. వస్తువు గాని, హక్కు గాని ఇస్తే లెక్కకు రాదు. కొత్త పన్ను విధానం ఎంచుకున్నవారికి ఆ 80జి కూడా లేదు.

3. అమెరికాలో ఏం చేశారు?

భూమి మీద యజమానికి ఉన్నది ఒక్క హక్కు కాదు, హక్కుల కట్ట. సాగు చేసే హక్కు, అమ్మే హక్కు, వారసులకు ఇచ్చే హక్కు, ఇళ్లు కట్టే హక్కు, మట్టి తవ్వే హక్కు, ఇలా చాలా ఉంటాయి. ఆ కట్టలోంచి ఇళ్లు కట్టే హక్కు అనే పుల్ల ఒక్కటి తీసి, ప్రభుత్వానికో, అర్హత ఉన్న ధర్మ సంస్థకో శాశ్వతంగా రాసి ఇవ్వడమే కన్జర్వేషన్ ఈజ్‌మెంట్. తీసుకున్న సంస్థ అక్కడ ఇళ్లు కట్టదు, ఎవరినీ కట్టనివ్వదు. పొలం రైతుదే. పంట రైతుదే. అమ్ముకోవచ్చు, పిల్లలకు ఇవ్వవచ్చు. కొన్నవారు కూడా ఆ షరతుకు కట్టుబడాలి.

ఈ దానం విలువ కట్టే పద్ధతి సులువు. షరతుకు ముందు భూమి విలువ ఎంత, షరతు తరువాత ఎంత, ఆ తేడాయే దానం విలువ. దానికి ఆదాయంలోంచి తగ్గింపు ఇచ్చే ఏర్పాటు అక్కడి ఫెడరల్ చట్టంలో 1976లో తాత్కాలికంగా వచ్చింది, 1980లో శాశ్వతమైంది. 2006లో దాన్ని రైతుకు అనుకూలంగా మార్చారు. మామూలు యజమాని ఏడాదికి తన ఆదాయంలో సగం వరకు తగ్గించుకోవచ్చు. ఆదాయంలో సగానికి పైగా సేద్యం నుంచి వచ్చే రైతైతే మొత్తం ఆదాయం వరకు తగ్గించుకోవచ్చు. మిగిలిన తగ్గింపును తరువాతి 15 ఏళ్లు వాడుకోవచ్చు. 2015 డిసెంబరులో ఈ మార్పులను శాశ్వతం చేశారు.

అయినా అక్కడొక ఇబ్బంది ఎదురైంది. కోట్ల విలువ చేసే భూమి ఉండి, చేతిలో డబ్బు ఆడని రైతులు అక్కడ కూడా ఉన్నారు. ఆదాయం తక్కువ కనుక తగ్గింపు వాడుకోలేరు. అందుకని కొన్ని రాష్ట్రాలు క్రెడిట్ ఇవ్వడం మొదలుపెట్టాయి. 1983లో ఉత్తర కరోలినా మొదలుపెట్టింది. ఆ తరువాత వర్జీనియా, కొలరాడో రాష్ట్రాలు ఇంకో అడుగు ముందుకు వేసి, ఆ క్రెడిట్‌ను రైతు ఇతరులకు అమ్ముకోవచ్చునన్నాయి. పన్ను కట్టవలసిన వ్యాపారి రూపాయి క్రెడిట్‌ను రూపాయి కంటే కాస్త తక్కువకు కొంటాడు. రైతుకు నగదు వస్తుంది. వ్యాపారికి కొంత పన్ను మిగులుతుంది. పొలం పొలంగా ఉంటుంది.

4. ఒక లెక్క

సులువు కోసం వేసుకున్న అంకెలివి. ఒక రైతుకు 2 ఎకరాలు ఉన్నాయి. సైట్లకు పనికివచ్చే భూమిగా దాని విలువ రూ. 2 కోట్లు. ఎప్పటికీ పొలంగానే ఉంచాలంటే విలువ రూ. 60 లక్షలు. తేడా రూ. 1 కోటి 40 లక్షలు. అదే దానం విలువ.

వర్జీనియాలో 2007 నుంచి ఇస్తున్నట్టు 40 శాతం క్రెడిట్ అనుకుందాం. రూ. 56 లక్షలు వస్తుంది. ఈ రైతుకు వ్యవసాయ ఆదాయం తప్ప వేరే ఆదాయం లేదు.

మొదటి రకం, అమ్ముకోవడానికి గాని నగదుగా తీసుకోవడానికి గాని వీలులేని క్రెడిట్: రైతుకు మిగిలేది సున్న.

రెండో రకం, అమ్ముకోగల క్రెడిట్: రూపాయికి 85 పైసల చొప్పున అమ్మితే రూ. 47 లక్షల 60 వేలు.

మూడో రకం, ప్రభుత్వమే నగదుగా ఇచ్చే క్రెడిట్: రూ. 56 లక్షలు.

ఒకే రైతు, ఒకే పొలం, ఒకే శాతం. చట్టంలో ఒక్క షరతు మారితే సున్న ఎక్కడ, 56 లక్షలు ఎక్కడ! చట్టం చేసేవారు శాతం గురించి గంటలు చర్చిస్తారు. కాని రైతుకు అసలు ప్రశ్న శాతం కాదు, అది తన చేతికి అందుతుందా లేదా అన్నదే.

5. అక్కడ జరిగిన మోసాలు, దిద్దుబాట్లు

డబ్బున్న చోటికి చీమలు చేరక మానవు. విలువ కట్టేది వాల్యూయరు. షరతుకు ముందు విలువను ఎంత పెంచి రాస్తే తేడా అంత పెరుగుతుంది, పన్ను అంత తగ్గుతుంది. బ్యాంకులో తనఖా అప్పులు చూసినవారికి ఇది చెప్పనవసరం లేదు. అప్పు పెద్దది కావాలంటే రిపోర్టులో భూమి విలువ ఎలా పెరుగుతుందో అందరికీ తెలిసిందే.

కొలరాడోలో ఇదే జరిగింది. పెంచిన విలువల మీద క్రెడిట్లు తీసుకోవడం, ఏళ్ల తరువాత రాష్ట్రం వాటిని తోసిపుచ్చడం, అప్పటికే కొన్నవారు, అమ్మినవారు ఇద్దరూ చిక్కుల్లో పడటం జరిగింది. నిజాయితీగా రాసి ఇచ్చిన రైతులు కూడా ఏళ్ల తరబడి వివాదాల్లో నలిగారు. 2013లో చట్టం మార్చారు. ముందుగా రాష్ట్ర కార్యాలయం విలువను పరిశీలించి సర్టిఫికెట్ ఇవ్వాలి, ఆ తరువాతే క్రెడిట్. నమ్మకం కుదిరాక 2021లో క్రెడిట్‌ను దానం విలువలో 90 శాతానికి పెంచారు. ముందు తాళం సరిచేసి, తరువాత పెట్టె నింపారన్నమాట.

ఫెడరల్ పన్నులోనైతే ఇంకో పద్ధతిలో మోసం జరిగింది. ప్రమోటర్లు ఏదో ఒక భూమి కొని, దాన్ని కంపెనీగా మార్చి, పన్ను తగ్గింపు కోరే ధనవంతులకు వాటాలు అమ్మారు. వెంటనే విలువను అనేక రెట్లు పెంచి రాయించి, ఈజ్‌మెంట్ దానం చేసి, పెట్టినదానికి రెట్టింపు, మూడింతలు తగ్గింపు చూపించారు. భూమి మీద ప్రేమ లేదు, రైతే లేడు. 2016 డిసెంబరులో అక్కడి పన్ను శాఖ ఈ ఒప్పందాలను అనుమానాస్పద జాబితాలో చేర్చింది. చివరికి 2022 డిసెంబరులో పార్లమెంటు చట్టం చేసింది. ఇటువంటి భాగస్వామ్యాల్లో తగ్గింపు భాగస్వాముల పెట్టుబడికి రెండున్నర రెట్లు దాటితే, కొన్ని మినహాయింపులు పోను, ఆ తగ్గింపు చెల్లదు.

ప్రభుత్వ ఖజానాకు కూడా హద్దు ఉండాలి. వర్జీనియా 2007 నుంచి రాష్ట్రం మొత్తం మీద ఏడాదికి ఇచ్చే క్రెడిట్లకు 10 కోట్ల డాలర్ల పరిమితి పెట్టింది. తరువాత దాన్ని ఏడున్నర కోట్లకు తగ్గించింది.

6. తెలుగు నేల మీద అనుభవం: జి.ఓ. 111

పరిహారం ఇవ్వకుండా షరతు మాత్రం పెడితే ఏమవుతుంది? దీనికి మనవారి ఉదాహరణే ఉంది. 1908 మూసీ వరదల తరువాత హైదరాబాదులో ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ కట్టారు. ఆ జలాశయాల్లోకి కలుషిత నీరు చేరకుండా 1996 మార్చి 8న అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం జి.ఓ. 111 ఇచ్చింది. జలాశయాల చుట్టూ 10 కిలోమీటర్ల పరిధిలో 84 గ్రామాల్లో పరిశ్రమలు, పెద్ద కట్టడాలు నిషేధించింది. దాని స్ఫూర్తిని సుప్రీం కోర్టు కూడా కాపాడింది.

ఉద్దేశం మంచిదే. ఆ నీళ్లు తాగింది నగరం. భారం మోసింది మాత్రం ఆ 84 గ్రామాల రైతులు. పక్క ఊళ్లో ఎకరం కోట్లు పలుకుతుంటే, తమ ఎకరానికి ఆ ధర లేదని వారు ఏళ్ల తరబడి అడుగుతూ వచ్చారు. పరిధి లోపల చాటుమాటు కట్టడాలు కూడా వెలిశాయి. చివరికి 2022 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం జి.ఓ. 69 ద్వారా ఆ ఆంక్షలను సడలించింది. నగర తాగునీటికి ఆ జలాశయాల అవసరం తగ్గిందన్నది ప్రభుత్వం చెప్పిన కారణం.

ఆంక్షలు ఉండాలా, పోవాలా అన్న వాదన మన పాఠంలోకి రాదు. కామర్సు విద్యార్థి చూడవలసింది ఇది: లాభం ఊరందరిదీ, ఖర్చు కొందరిదీ అయినప్పుడు ఆ ఏర్పాటు ఎక్కువ కాలం నిలవదు. 26 ఏళ్లలో ఆ రైతులకు ఏటా కొంత దక్కి ఉంటే, ఆ ఆంక్షకు కాపలా వారే కాసి ఉండేవారేమో!

తమిళనాడు కూడా 2020లో కావేరి డెల్టా జిల్లాలను రక్షిత వ్యవసాయ మండలంగా చేస్తూ చట్టం చేసింది. కొత్తగా చమురు, గ్యాసు బావులు, కొన్ని రకాల భారీ పరిశ్రమలు అక్కడ రాకూడదు. మన కృష్ణగిరి జిల్లా అందులో లేదు.

7. మన దగ్గర ఉన్న మూడు అడ్డంకులు

మొదటిది చట్టం. మన ఈజ్‌మెంట్ చట్టం 1882 నాటిది. పక్క పొలానికి దారి, కాలువ నీరు, గాలి, వెలుతురు వంటి హక్కులను అది కాపాడుతుంది. ఆ చట్టం ప్రకారం ఈజ్‌మెంట్ హక్కు ఒక భూమి అనుభవం కోసం ఇంకో భూమి మీద ఉండేది. అంటే హక్కు పొందేవారికి అక్కడ సొంత భూమి ఉండాలి. మన ట్రస్టు వంటి సంస్థకు పక్కన భూమి లేకపోతే, రైతు రాసి ఇస్తానన్నా ఈజ్‌మెంటుగా తీసుకోలేదు. కనుక దీనికి వేరే చట్టం కావాలి.

రెండోది పన్ను లేకపోవడం. బ్యాంకు కౌంటరులో కూర్చున్న రోజుల్లో ఫిక్స్‌డ్ డిపాజిట్ ఉన్న రైతులకు మేము ఏటా ఏప్రిల్‌లో 15జి ఫారం నింపి సంతకం తీసుకునేవాళ్లం. నాకు పన్ను పడేంత ఆదాయం లేదు, వడ్డీలో పన్ను కోయవద్దు అని చెప్పే కాగితం అది. ఆ ఫారం ఇచ్చే రైతుకు టాక్స్ క్రెడిట్ ఇస్తే దేనికి సర్దుకుంటాడు? పోనీ ఉద్యోగం చేసే కొడుకు ఉన్నాడనుకుందాం. 2025-26 సంవత్సరం నుంచి కొత్త విధానంలో జీతం వంటి ఆదాయం రూ. 12 లక్షల వరకు ఉంటే రిబేటు వల్ల పన్నే పడదు. అతనికీ అక్కరకు రాదు. అలా ఉత్త క్రెడిట్ ఇస్తే లాభపడేది బెంగళూరు నుంచి వచ్చి ఇక్కడ ఫామ్‌హౌస్ కొన్న పెద్ద ఆదాయస్థుడే. పొలం దున్నేవాడికి గాక పన్ను కట్టేవాడికి ఆ రాయితీ పోతుంది.

మూడోది మన విద్యార్థుల ఇళ్లకు దగ్గరి సంగతి. పొలం మీద షరతు రాసి ఇస్తే దాని మార్కెట్ విలువ తగ్గుతుంది. విలువ తగ్గితే బ్యాంకు దగ్గర హామీ విలువ కూడా తగ్గుతుంది. పంట అప్పుకు పెద్ద ఇబ్బంది లేదు. దాన్ని పంటనూ, ఎకరాలనూ బట్టి లెక్క వేస్తారు. 2025 జనవరి 1 నుంచి రూ. 2 లక్షల వరకు హామీ కూడా అడగకూడదు. కాని విద్యా రుణం సంగతి వేరు. బ్యాంకుల ఉమ్మడి పథకంలో రూ. 7.5 లక్షలు దాటిన విద్యా రుణానికి ఆస్తి హామీ అడుగుతారు. పొలం కాపాడుకున్న రైతు తన కూతురి ఇంజనీరింగు సీటుకు అప్పు పుట్టించలేకపోతే ఆ పథకాన్ని ఎవరు నమ్ముతారు? ఇప్పటికే తనఖాలో ఉన్న పొలమైతే బ్యాంకు అనుమతి కూడా కావాలి. అమెరికాలో కూడా అప్పు ఇచ్చిన బ్యాంకు తన హక్కు ఈజ్‌మెంట్ తరువాతే అని రాసి ఇస్తేనే పన్ను తగ్గింపు దక్కుతుంది.

8. ఎలా ఉంటే మనకు పనికివస్తుంది?

పైన చెప్పిన అనుభవాలను బట్టి నాకు తోచిన ఆరు అంశాలు రాస్తున్నాను. ఇవి చర్చ కోసం మాత్రమే.

ఒకటి, కాల పరిమితి. అమెరికా ఫెడరల్ తగ్గింపుకు శాశ్వత దానం కావాలి. రెండెకరాల రైతును మనుమల కాలానికి కట్టివేయడం న్యాయం కాదు. కాలిఫోర్నియాలో 1965 నాటి చట్టం కింద కనీసం పదేళ్ల ఒప్పందం, ఏటా దానంతట అదే పొడిగింపు, దానికి బదులు భూమి పన్నులో తగ్గింపు ఉంది. మనం 25 ఏళ్లతో మొదలుపెట్టవచ్చు.

రెండు, క్రెడిట్ అమ్ముకోగలిగి ఉండాలి. పైగా దాన్ని ఆదాయపు పన్నుకే పరిమితం చేయనవసరం లేదు. స్టాంపు డ్యూటీ రాష్ట్రానికి చెందినది. 2023 నుంచి తమిళనాడులో విక్రయ పత్రానికి 7 శాతం స్టాంపు డ్యూటీ, 2 శాతం రిజిస్ట్రేషన్ ఫీజు ఉన్నాయి. సైటు కొనేవారు ఆ డ్యూటీలో కొంత భాగాన్ని రైతు దగ్గర కొన్న క్రెడిట్ సర్టిఫికెట్‌తో కట్టవచ్చునంటే, ఊరు పెరిగినకొద్దీ పొలం ఉంచినవారికి గిరాకీ పెరుగుతుంది. రోడ్ల వెడల్పుకు స్థలం ఇచ్చినవారికి నగరాల్లో టీడీఆర్ సర్టిఫికెట్లు ఇస్తున్నారు కదా, ఆలోచన అటువంటిదే.

మూడు, ముందు పరిశీలన, తరువాత క్రెడిట్. ప్రభుత్వ ప్యానెల్‌లోని ఇద్దరు వాల్యూయర్లు వేర్వేరుగా విలువ కట్టాలి. తక్కువ వచ్చినదాన్నే తీసుకోవాలి.

నాలుగు, సేద్యం చేసేవారికే. 54బిలో ఉన్నట్టు ముందు కనీసం కొన్నేళ్లు సాగు జరిగినట్టు అడంగల్‌లో కనపడాలి. కుటుంబానికి ఇన్ని ఎకరాల వరకే అని పరిమితి ఉండాలి. కంపెనీలకు, వాటాదారులకు ఇవ్వకూడదు.

ఐదు, షరతు ఈసీలో కనపడాలి. కొనేవారికి, బ్యాంకుకు తెలియకుండా ఉండకూడదు. గడువులోపు మాట తప్పితే తీసుకున్నది వడ్డీతో తిరిగి కట్టాలి.

ఆరు, విద్యా రుణానికి హామీ. ఈ పథకంలో చేరిన కుటుంబం పిల్లలకు ఆస్తి హామీ బదులు రాష్ట్రమే గ్యారంటీ ఇవ్వాలి. ఇది లేకపోతే మిగతా ఐదూ ఉన్నా మన రైతు సంతకం పెట్టడు.

పై లెక్కలోని రైతునే మళ్లీ తీసుకుందాం. 25 ఏళ్ల మాటకు తేడాలో 10 శాతం క్రెడిట్ అంటే రూ. 14 లక్షలు. పదేళ్లలో సమానంగా ఇస్తే ఏడాదికి రూ. 1 లక్ష 40 వేలు. రూపాయికి 90 పైసలకు అమ్మితే ఏడాదికి రూ. 1 లక్ష 26 వేలు చేతికి వస్తుంది. అమ్మితే వచ్చే రెండు కోట్లతో ఇది సమానం కాదు. డబ్బు తప్పనిసరైనవారు అమ్ముతారు, దానికి ఈ పథకం అడ్డు రాదు. కాని ఉంచాలని ఉండి, వానలు లేని ఏడాది చేయి జారుతున్న రైతుకు ఆ లక్షా పాతికవేలు నిలబడే ఆసరా అవుతుంది.

ఇంకొక మాట. 2023 అక్టోబరులో కేంద్రం గ్రీన్ క్రెడిట్ నియమాలు తెచ్చింది. పేరులో క్రెడిట్ ఉన్నా అది పన్ను క్రెడిట్ కాదు. చెట్ల పెంపకం వంటి పనులకు ఇచ్చే యూనిట్లు అవి. పరీక్షలో రెండింటినీ కలపవద్దు.

9. విద్యార్థులకు అభ్యాసం

(1) తగ్గింపు, క్రెడిట్ మధ్య తేడాను సొంత అంకెలతో చూపండి. పన్ను లేని వ్యక్తికి రెండింటి ఫలితం రాయండి.

(2) ఒక పొలం షరతుకు ముందు విలువ రూ. 90 లక్షలు, తరువాత రూ. 35 లక్షలు. దానం విలువ ఎంత? 40 శాతం క్రెడిట్‌ను రూపాయికి 80 పైసలకు అమ్మితే ఎంత వస్తుంది?

(3) మీ ఇంటి పొలం నగర పాలక సంస్థ హద్దు నుంచి గాలిదారిలో ఎంత దూరంలో ఉందో కనుక్కోండి. అది మూలధన ఆస్తి అవుతుందా, కాదా?

(4) జి.ఓ. 111 గ్రామాల రైతులకు పరిహారం ఇవ్వాలంటే ఆ డబ్బు ఎవరి దగ్గర వసూలు చేయాలి? మీ వాదన ఒక పేజీలో రాయండి.

మూడో ప్రశ్నకు జవాబు ఈ ఆదివారమే మీ నాన్నగారితోనో, తాతగారితోనో కూర్చుని, పట్టా, చిట్టా ముందు పెట్టుకుని రాయండి. ఇంట్లో ఎవరైనా పొలం సంగతి మాట్లాడుతున్నప్పుడు పన్ను ఎంత, చట్టం ఏమిటి అని చెప్పగలిగే మనిషి ఒకరుంటే, ఆ ఇంట్లో తీసుకునే నిర్ణయం అమ్మడమైనా, ఉంచడమైనా, తెలిసి తీసుకున్నదవుతుంది. మీలో రేపు ఆడిటర్లు, వకీళ్లు, అధికారులు అయ్యేవారు ఉన్నారు. ఇటువంటి చట్టం ఒకటి రాసే రోజు వస్తే ముందు ఈ ఒక్క ప్రశ్న వేయండి: ఈ రాయితీ 15జి ఫారం నింపే రైతు చేతికి అందుతుందా?